ఎబెర్రాన్ గేట్‌కీపర్లు: కొత్తగా ఆడేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనేది బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్రగా మారి కథ నడిపించే ఆట. అందులో డ్రూయిడ్, అంటే ప్రకృతి నుంచి మంత్రశక్తి తీసుకునేవాడి, పాత్ర తీసుకుంటానని ఎవరైనా అనగానే చాలామంది కళ్ల ముందు ఒకటే బొమ్మ మెదులుతుంది. తెల్లగడ్డం, చేతికర్ర, దట్టమైన అడవి, పక్కనే ఓ తోడేలు. ఆ బొమ్మ అందంగానే ఉంటుంది. కానీ ఎబెర్రాన్ అనే కల్పిత లోకంలో గేట్‌కీపర్లు అనే డ్రూయిడ్ సంఘం ఒకటుంది. నేను చూసిన కల్పిత మతాలన్నిటిలో నా మనసుకు బాగా దగ్గరైనది అదే. ఆ పాత్రను ఎంచుకోవాలనుకునేవారు, ఆ సంఘాన్ని తమ కథలోకి తెచ్చుకోవాలనుకునే గేమ్ మాస్టర్లు (ఆటలో కథ నడిపేవారు) పదేపదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ఎబెర్రాన్ అంటే ఏమిటి? ఎవరు సృష్టించారు?

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ప్రచురణకర్తలైన విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ 2002లో కొత్త కాల్పనిక లోకం కోసం పోటీ పెట్టింది. అందులో గెలిచినది కీత్ బేకర్ ఊహించిన ఎబెర్రాన్. 2004లో అది ఆటగాళ్ల చేతికి వచ్చింది. అక్కడ మంత్రవిద్య రాజులకూ ఋషులకూ పరిమితం కాదు, వీధిదీపం దాకా వచ్చేసింది. బంధించిన భూతశక్తులతో రైళ్లు నడుస్తాయి, గాలి ఓడలు ఎగురుతాయి. నూరేళ్లకు పైగా సాగిన మహాయుద్ధం అప్పుడే ముగిసి ఉంటుంది. అలాంటి హడావుడి లోకంలో ప్రకృతిని నమ్ముకున్న ఒక పురాతన మతం ఏం చేస్తుందన్నదే గేట్‌కీపర్ల కథ.

గేట్‌కీపర్లు ఎవరు?

ఆ లోకంలోని ఖోర్వేర్ ఖండంలో అన్నిటికంటే పాత డ్రూయిడ్ సంప్రదాయం వీరిది. మొదటి శిష్యులు ఓర్క్‌లు అనే కల్పిత జాతివారు, గురువు ఒక నల్ల డ్రాగన్. ఆమె పేరు వరాక్. డ్రాగన్లు తమ ఖండమైన ఆర్గొనెసెన్‌లో కూర్చుని, భూమ్యాకాశాల్లో కనిపించే సంకేతాల నుంచి భవిష్యత్తును చదువుతుంటాయి. రాబోయే పెను విపత్తు ఒకటి వరాక్‌కు అందులో కనిపించింది. చిన్న జాతుల బాగోగులు డ్రాగన్లకు పట్టవు. ఆమె మాత్రం ఊరుకోలేక ఖోర్వేర్ పశ్చిమాన షాడో మార్చెస్ అనే చిత్తడి నేలలకు వచ్చి, అక్కడి ఓర్క్‌లకు ప్రకృతి విద్య నేర్పింది. ఇది ఆ లోకపు లెక్కలో సుమారు 16,000 ఏళ్ల కిందటి మాట.

ఆ విపత్తు వచ్చింది సుమారు 9,000 ఏళ్ల కిందట. మధ్యలో గడిచిన ఏడువేల ఏళ్ల గురించి ఒక్కసారి ఆలోచించండి. తాతలు చూడలేదు, తండ్రులు చూడలేదు, తాము చూస్తామన్న నమ్మకమూ లేదు. అయినా తరం వెంట తరం ఆ విద్యను నేర్చుకుంటూ, నేర్పుతూ పోయారు. గేట్‌కీపర్ల భక్తి ఎలాంటిదని ఎవరు అడిగినా నేను ముందు చెప్పేది ఈ ఏడువేల ఏళ్ల గురించే.

ఆ విపత్తు ఏమిటి? ఏ ద్వారానికి కాపలా?

ఎబెర్రాన్ చుట్టూ వేరే వేరే తలాలు, అంటే వేరే లోకాలు, తిరుగుతుంటాయి. వాటిలో జోరియాట్ ఒకటి. మన భూమి మీద పనిచేసే కార్యకారణాలు అక్కడ పనిచేయవు. అక్కడి ప్రభువులను డేల్కిర్‌లు అంటారు. ప్రాణుల ఒంటిని బంకమట్టిలా పిసికి కొత్త ఆకారాలు చేయడం వారికి వినోదం. వారు దండెత్తినప్పుడు ఖోర్వేర్‌ను ఏలుతున్నది గోబ్లిన్లు అనే మరో కల్పిత జాతివారి ధకాన్ సామ్రాజ్యం. డేల్కిర్‌లు గోబ్లిన్లను పట్టుకుని డోల్‌గ్రిమ్‌లను తయారుచేశారు. ఒక్కో డోల్‌గ్రిమ్ ఇద్దరు గోబ్లిన్లను కలిపి నలిపిన ఒకే దేహం. నాలుగు చేతులు, రెండు నోళ్లు.

ధకాన్ సైన్యాలు వీరోచితంగా పోరాడాయి. కానీ యుద్ధాన్ని ముగించింది ఓర్క్ డ్రూయిడ్లే. జోరియాట్‌కూ ఎబెర్రాన్‌కూ మధ్య ఉన్న దారిని వారు తెంచేశారు. అప్పటికే లోపలికి వచ్చిన డేల్కిర్‌లను చంపడం వీలుకాక, భూగర్భ లోకమైన కైబర్‌లో బంధించారు. ఆ బంధాలను నిలిపి ఉంచేవే గేట్‌కీపర్ల ముద్రలు. నేటికీ డేల్కిర్‌లు అడుగున బతికే ఉన్నారు. ముద్రలు చెక్కుచెదరనంత కాలమే పైవారికి క్షేమం.

గెలిచినా ధకాన్ సామ్రాజ్యం కోలుకోలేక క్రమంగా కూలిపోయింది. డ్రూయిడ్లు మాత్రం తమ చిత్తడి నేలలకు తిరిగి వెళ్లి కాపలా మొదలుపెట్టారు.

వీరు ఏ దేవుణ్ని కొలుస్తారు?

వీరి మతానికి దేవుడి అవసరం రాలేదు. ఎబెర్రాన్‌లో దేవుళ్లు నిజంగా ఉన్నారా అన్నది ఆ లోకంలోని జనానికే తేలని ప్రశ్న. ఏ దేవుడూ దిగివచ్చి ఎదుట నిలబడడు. డ్రూయిడ్లు తమ శక్తిని నేల నుంచి, నీటి నుంచి, బతికి ఉన్న ప్రకృతి నుంచే తీసుకుంటారు.

ఇక్కడ ఆ లోకపు సృష్టి కథ ఒకటి చెప్పాలి. ఆదిలో ముగ్గురు మహా డ్రాగన్లు: సైబెరిస్, ఎబెర్రాన్, కైబర్. కైబర్ ద్రోహం చేసి సైబెరిస్‌ను చంపింది. ముక్కలైన సైబెరిస్ ఆకాశంలో మెరిసే వలయంగా మారింది. ఎబెర్రాన్‌కు కైబర్‌ను చంపే బలం లేదు. అందుకని దాన్ని చుట్టుకుని, బిగించి పట్టుకుని, తానే నేలగా మారిపోయింది. అంటే జనం నడిచే ఆ భూమే ఒక చెరసాల, దాని మొదటి కావలి ఆ భూమే. చంపలేని చెడును కదలనీయకుండా పట్టుకోవడమే గేట్‌కీపర్ల పని కూడా. ఈ పోలికను ఏ నియమావళీ విడమరిచి చెప్పకపోయినా, వీరి మతానికి ఇదే పునాది అని నా అభిప్రాయం. నా ఆటలో గేట్‌కీపర్లు నేలకు నుదురు ఆనించి మొక్కడానికి కారణం ఇదే.

పూజలు, పండుగలు, నిత్యకృత్యాలు ఎలా ఉంటాయి?

ముద్రను చూసుకోవడమే పూజ. అది ఏ రూపంలో ఉంటుందో గేమ్ మాస్టర్ ఇష్టం. రాయి కావచ్చు, మడుగు కావచ్చు, చెట్టు కావచ్చు. నేను రాతిని ఎంచుకుంటాను. నా ఆటలో ఒక సన్నివేశం ఇలా ఉంటుంది.

చిత్తడి మధ్య మనిషి నడుము ఎత్తున నాచు పట్టిన బండ. ముసలి ఓర్క్ స్త్రీ చేతి వేళ్లతో నాచు గీకి, పగులు ఎక్కడిదాకా పాకిందో గోటితో కొలుస్తుంది. కొత్తగా చేరిన కుర్రవాడు పక్కన నిలబడి ఉంటాడు.

"అవ్వా, పోయినేడు కంటే పెరిగిందా?"

"గోరంత పెరిగింది."

"మరి ఏం చేద్దాం?"

"మట్టి తీసుకురా నాయనా. పొద్దు కుంకేలోపు పూడ్చాలి."

అంతే. పిడుగులు పడవు, వెలుగులు చిమ్మవు. ఆట బల్ల చుట్టూ కూర్చున్నవారికి 'గోరంత' అన్న మాట చాలు, వెన్నులో చలి పుట్టడానికి. చెరువు తూము కాసే నీరటికాడు కట్ట నిలిచి ఉన్నన్నాళ్లూ ఎవరికీ గుర్తురాడు. గేట్‌కీపర్ల బతుకూ అంతే. గేట్‌కీపర్‌గా ఆడేవారు ముందు ఈ గుర్తింపులేనితనాన్ని తమ పాత్ర ఎలా భరిస్తోందో తేల్చుకోవాలి. కొందరు గర్విస్తారు, కొందరు కుమిలిపోతారు, కొందరు పారిపోతారు. మూడూ మంచి పాత్రలే.

చరిత్రలోని అసలు డ్రూయిడ్లకూ వీరికీ సంబంధం ఉందా?

ఉంది, కానీ నేరుగా కాదు. చరిత్రలోని డ్రూయిడ్లు గాల్ (నేటి ఫ్రాన్స్ ప్రాంతం), బ్రిటన్, ఐర్లండ్ ప్రాంతాల కెల్టిక్ సమాజాల్లో పురోహితులు, న్యాయనిర్ణేతలు, గురువులు. వారు తమ గురించి రాసుకున్నది ఏమీ మిగల్లేదు. మనకు తెలిసినదంతా ఎక్కువగా రోమన్లు, గ్రీకులు రాసిందే. క్రీస్తు పూర్వం మొదటి శతాబ్దంలో గాల్‌ను జయించిన జూలియస్ సీజర్, కొందరు శిష్యులు ఇరవై ఏళ్ల దాకా చదువుకునేవారనీ, తమ విద్యను అక్షరాల్లో పెట్టడం తప్పుగా భావించేవారనీ రాశాడు. ఓక్ చెట్టు మీద పెరిగే మిసిల్‌టో అనే బదనికను చంద్రుడి ఆరో రోజున, తెల్లని వస్త్రం కట్టిన పురోహితుడు బంగారు కొడవలితో కోసేవాడని రోమన్ రచయిత ప్లినీ వర్ణించాడు. ఆటలో డ్రూయిడ్ చేతికి కొడవలీ, మంత్రసాధనంగా మిసిల్‌టో కొమ్మా వచ్చింది ఆ వర్ణన నుంచే.

క్రీ.శ. 60 ప్రాంతంలో రోమన్ సేనలు వేల్స్ పక్కనున్న మోనా దీవి మీద, అంటే నేటి ఆంగ్లసీ మీద, దాడి చేసి పవిత్ర వనాలను నరికేశాయి. ఒడ్డున చేతులు పైకెత్తి శపిస్తున్న డ్రూయిడ్లను చూసి సైనికులు కాసేపు కొయ్యబారిపోయారని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఓడించినవారి రాతల్లో మాత్రమే మిగిలిన మతం అది. నరబలుల ఆరోపణలు చదివేటప్పుడు కూడా రాసింది ఎవరన్నది గుర్తుంచుకోవాలి.

ఇంగ్లండ్‌లోని పురాతన రాతి వలయం స్టోన్‌హెంజ్ మాట కూడా వస్తుంటుంది. దాన్ని డ్రూయిడ్లు కట్టలేదు. డ్రూయిడ్ల ప్రస్తావన రాతల్లో కనబడటానికి రెండువేల ఏళ్లకు పైగా ముందే ఆ రాళ్లు నిలబడి ఉన్నాయి. వాటిని డ్రూయిడ్లకు ముడిపెట్టింది ఇంగ్లిష్ పురాతత్వ పరిశోధకులు: 17వ శతాబ్దంలో జాన్ ఆబ్రీ, 18వ శతాబ్దంలో విలియం స్టూక్లీ. ఆ ఊహ ఎంత బలంగా నాటుకుందంటే, నేను కూడా ముద్ర అనగానే రాతినే ఊహించుకున్నాను.

ఆటలోకి డ్రూయిడ్లు ఎప్పుడు వచ్చారు?

1975లో ఎదురుపడే శత్రువులుగా వచ్చారు, 1976లో ఆటగాళ్లు తీసుకోగల పాత్ర అయ్యారు. 1978 నాటి నియమాలు చాలా విచిత్రంగా ఉండేవి. ఒక లోకంలో 12వ స్థాయి డ్రూయిడ్లు తొమ్మిది మందికి మించరాదు. పైన ఆర్చ్‌డ్రూయిడ్లు ముగ్గురు, అందరికీ పైన గ్రేట్ డ్రూయిడ్ ఒక్కరు. పై మెట్టు ఎక్కాలంటే అక్కడున్నవారితో తలపడి గెలవాల్సిందే. గేట్‌కీపర్లలో అలాంటి కుర్చీల పోరాటం లేదు. చిన్న చిన్న గుంపులుగా, ఒకరి జాడ ఒకరికి పూర్తిగా తెలియకుండా బతుకుతారు. ఉన్నదే గుప్పెడు మంది, ముద్రలేమో ఖండమంతటా ఉన్నాయి. పదవి కోసం కొట్టుకునే తీరిక వారికి ఎక్కడిది?

ఓర్క్‌లు దుర్మార్గులు కదా, వారు కాపలాదారులు ఎలా అయ్యారు?

ఎబెర్రాన్‌లో పుట్టుకను బట్టి ఎవరూ మంచివారో చెడ్డవారో కారు. ఆ లోకం మీద నాకు గౌరవం కలిగించిన మొదటి విషయం ఇదే. అంతకుముందు ఎన్నో లోకాల్లో ఓర్క్‌లు కత్తికి ఎరగా వచ్చే గుంపులే. ఇక్కడ లోకాన్ని కాచింది వారే, అది కూడా తమను తక్కువగా చూసే జాతుల కోసం. సర్లోనా ఖండం నుంచి మనుషులు వలస వచ్చాక షాడో మార్చెస్‌లో రెండు జాతులూ కలిసిపోయాయి. ఇప్పుడు గేట్‌కీపర్లలో ఓర్క్‌లు, మనుషులు, రెండు రక్తాలవారు అందరూ ఉంటారు.

అదే నేలలో ఇంకో విశ్వాసం కూడా ఉంది. కైబర్‌లో బందీలైన శక్తులనే కొలిచే కల్ట్స్ ఆఫ్ ది డ్రాగన్ బిలో. ఒకే ఊళ్లో, కొన్నిసార్లు ఒకే ఇంట్లో, అన్న ముద్రను కాస్తుంటే తమ్ముడు ముద్ర అడుగున ఉన్నవాడికి మొక్కుతుంటాడు. కథ రాసేవారికి ఇంతకంటే ఏం కావాలి?

ఎబెర్రాన్‌లో వేరే డ్రూయిడ్ సంఘాలు ఉన్నాయా?

ఉన్నాయి. ఎక్కువగా ఎల్డీన్ రీచెస్ అనే అటవీ దేశంలో. అక్కడ అందరికంటే పెద్దది వార్డెన్స్ ఆఫ్ ది వుడ్. వారి పెద్ద ఓలియన్ మనిషి కాదు. గ్రీన్‌హార్ట్‌లో వేళ్లూనుకుని, ఆలోచించగల, మాట్లాడగల ఓ మహావృక్షం. మహాయుద్ధకాలంలో పొరుగు దేశమైన ఆండేర్ ప్రభువులు తమ పశ్చిమ ప్రాంత రైతులను బందిపోట్లకు వదిలేస్తే ఆదుకున్నది ఈ వార్డెన్లే. ఆ రైతులు ఆ లోకపు 958వ ఏట ఆండేర్ నుంచి విడిపోయి ఎల్డీన్ రీచెస్‌లో కలిశారు.

యాష్‌బౌండ్ సంఘానికి పుస్తక మంత్రవిద్య అంటేనే పడదు, భూతశక్తులను బంధించి రైళ్లు నడపడం వారి దృష్టిలో ఘోరపాపం. గ్రీన్‌సింగర్లు అప్సరసల వంటి ఫే జాతులతో చెలిమి చేస్తారు. ఆటలో కాస్త తేలికదనం కావాలంటే వారిని తీసుకోండి.

ఇక చిల్డ్రన్ ఆఫ్ వింటర్. చావు కూడా ప్రకృతి చక్రంలో భాగమని నమ్మడం వరకు వారితో నాకు పేచీ లేదు. రోగం, శీతాకాలం, కుళ్లు లేకుండా వసంతం రాదంటారు. ఆ లోకపు 994వ ఏట సైర్ దేశం మొత్తం ఒక్కరోజులో నాశనమైంది. దాన్ని మహా శీతాకాలానికి సూచనగా తీసుకుని, కొందరు ఆ అంతాన్ని తామే తొందరపెట్టాలని చూస్తున్నారు. వీరిని ఉత్త దుష్టులుగా చూపించకండి. వారి వాదనలో సగం సరైనదే కాబట్టే భయం పుడుతుంది.

ఘాష్‌కాలా ఓర్క్‌లూ గేట్‌కీపర్లూ ఒకటేనా?

కాదు. ఘాష్‌కాలా ఓర్క్‌లు డీమన్ వేస్ట్స్‌లో రాక్షసులు బయటికి రాకుండా కాపలా కాస్తారు. వారు కొలిచేది కలోక్ షాష్ అనే జ్వాలను. డ్రూయిడ్లు కారు.

నియమాల ప్రకారం గేట్‌కీపర్ పాత్రను ఎలా కట్టాలి?

ఆట నియమాల ఐదో ఎడిషన్‌లో డ్రూయిడ్ మంత్రశక్తికి ఆధారం వివేకం (విజ్‌డమ్) అనే లక్షణం, కాబట్టి మంచి అంకె అక్కడ పెట్టండి. 2014 నియమాలతో ఆడితే సర్కిల్ ఆఫ్ ది లాండ్ అనే డ్రూయిడ్ శాఖ తీసుకుని చిత్తడి నేలను ఎంచుకోవడం అన్నిటికంటే సహజం. జంతురూపం ధరించి కొట్లాడాలనే సరదా ఉంటే సర్కిల్ ఆఫ్ ది మూన్. ఆ నియమాల్లో డ్రూయిడ్లు లోహపు కవచం, లోహపు డాలు వాడరు. ఆయుధానికి ఆ పట్టింపు లేదు. అది మన మంచికే. ఎందుకంటే డేల్కిర్‌ల సృష్టిపై బాగా పనిచేసేది బైష్క్ అనే ఊదారంగు ఛాయ గల అరుదైన లోహం. వంశంలో చేతులు మారుతూ వచ్చిన బైష్క్ కొడవలిని మొదటి రోజే ఇచ్చేయకండి. గురువు చేతి నుంచి శిష్యుడి చేతికి వచ్చే సన్నివేశం ఆడించి మరీ ఇవ్వండి.

డ్రూయిడ్లకు తమలో తాము మాట్లాడుకునే రహస్య భాష ఉంది. దాన్ని ఆటలో మరిచిపోయేవారే ఎక్కువ. గేట్‌కీపర్‌కు అది ప్రాణావసరం: తర్వాత వచ్చే కావలివాడికి ముద్ర స్థితి చెప్పే గుర్తులు ఆ భాషలోనే చెక్కి ఉంటాయని పెట్టుకోండి.

జోరియాట్‌ను 'ఉన్మాద లోకం' అంటారు. మతి చలించినవారిని శత్రువులుగా చూపించాలా?

దయచేసి వద్దు. మానసిక అనారోగ్యం మన ఇళ్లలో, మన స్నేహితుల్లో ఉంది. ఆట బల్ల దగ్గర కూర్చున్నవారిలోనూ ఉండొచ్చు. పిచ్చివాడు అంటే ప్రమాదకరమైనవాడు అన్న పాత చూపును కథలోకి తెస్తే నొప్పి కలిగేది నిజమైన మనుషులకు. పైగా అది బద్ధకపు రచన కూడా. డేల్కిర్‌ల భయానకత్వం వారి తర్కం మనకు అందకపోవడంలో ఉంది. ఆ తర్కం ఒకరికి అర్థమైపోయిందని చూపించండి. అతడు ప్రశాంతంగా, ప్రేమగా, సంతోషంగా ఉంటాడు; తన ఇంటివాళ్లకు కూడా ఆ సంతోషం పంచాలనుకుంటాడు. అరుపులు, వెకిలి నవ్వులు అక్కర్లేదు. మొదలుపెట్టే ముందు బల్ల దగ్గర ఎవరెవరికి ఏ విషయాలు ఇబ్బందో అడిగి తెలుసుకోవడం గేమ్ మాస్టర్ బాధ్యత.

ఒక ముద్ర పగిలితే లోకం అంతమైపోతుందా?

అలా పెడితే ఆటగాళ్లకు ఓడిపోయే వీలే ఉండదు, వీలు లేనిచోట ఉత్కంఠ ఉండదు. నేనైతే మెట్లు మెట్లుగా తీసుకెళతాను. మొదటి పగులుకు ఆ చుట్టుపక్కల పుట్టే దూడలకు కళ్లు ఎక్కువ వస్తాయి. తర్వాత ఊళ్లో అందరికీ ఒకటే కల. ఆ తర్వాత నేల కింద నుంచి ఎవరో పేరు పెట్టి పిలుస్తారు. పూర్తిగా పగిలినా ఒక డేల్కిర్ ఒక ప్రాంతంలోకి చేయి చాపగలుగుతాడు, అంతే. ఆ చేతిని వెనక్కి నెట్టడమే మీ పెద్ద కథ.

ఇంకో మాట. ముద్రను తాళంలా, విలన్‌ను తాళంచెవి దొంగలా మార్చే కథలు వేలకొద్దీ ఉన్నాయి. దానికంటే, ఊరి వాళ్లే మంచి కారణంతో ముద్రను కదిపితే చూడండి. పొలానికి కాలువ తవ్వుకోవాలి, బండ అడ్డుగా ఉంది. కాపలాదారు రహస్యం చెప్పలేడు, చెప్పినా నమ్మరు. ఇక్కడ కత్తి దూస్తే అతడు రైతుల మీద దూయాలి.

మొదటి ఆటకు ఏదైనా తేలికైన కథ సూచిస్తారా?

పైన చెప్పిన కాలువ కథతోనే మొదలుపెట్టండి. మొదటి స్థాయి పాత్రలు నలుగురు, అందులో ఒక గేట్‌కీపర్ శిష్యుడు. గురువు చనిపోయి మూడు రోజులు. ముద్ర ఎక్కడుందో తెలుసు, ఎందుకుందో సగమే తెలుసు, పగులు పూడ్చే మంత్రం సగమే వచ్చు. ఊళ్లో పారలు, గునపాలు సిద్ధంగా ఉన్నాయి, తెల్లవారితే తవ్వకం. ఒక్క రాత్రి సమయం ఇవ్వండి. గ్రామపెద్దను మొండివాడిగా కాక, రెండేళ్లుగా పంట పోగొట్టుకున్న మనిషిగా ఆడించండి. పోరాటం కావాలంటే అర్ధరాత్రి దాటాక ఒక్క డోల్‌గ్రిమ్ చాలు. దాని రెండు నోళ్లూ ధకాన్ కాలపు గోబ్లిన్ భాషలో ఒకదానితో ఒకటి వాదించుకుంటుంటాయి. వాదన దేని గురించో శిష్యుడికి అర్థమైతే అతడు కత్తి ఎత్తుతాడా లేదా అన్నది ఆటగాడికే వదిలేయండి.